అమ్మో, ఈ పుస్తకాల నిండా ఎంత సినిమా!

చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది! పాత సినిమాల చరిత్ర మీద, ఆనాటి తారల మీద మన తెలుగులో పుస్తకాలున్నాయి. ఒకటీ రెండూ కాదు, బోలెడు! తారలు తమ గురించి తామే రాసుకున్నవి, పాటలు కట్టిన కవులు ఆ పాటల పుట్టుక చెప్పినవి, పాత కాగితాలు తవ్వి తవ్వి పరిశోధకులు నిజాలు తేల్చినవి. లావువి, సన్ననివి, అంచులు పసుపెక్కినవి, నిన్నగాక మొన్న అచ్చయి సిరా వాసన ఇంకా పోనివి!

ఇన్నాళ్లూ నాకు సినిమా అంటే తెర మీద కనిపించేదే. దాని వెనుక ఇంకో సినిమా నడుస్తుందనీ, అది పుస్తకంగా దొరుకుతుందనీ, ఒక్కోసారి అసలు సినిమాను మించి కూర్చోబెడుతుందనీ నాకు తెలియనే తెలియదు! టీవీలో నలుపు తెలుపు సినిమా వస్తే ఛానెల్ మార్చేదాన్ని. ఇప్పుడు ఆ నలుపు తెలుపు కోసమే రాత్రుళ్లు మేలుకుంటున్నాను!

అన్నిటికన్నా పెద్ద ఆశ్చర్యం ఏమిటో తెలుసా? ఆ చరిత్రలో మనం ఉన్నాం!

మనం అంటే మనమే! జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా అంతా ఒకే కరీంనగర్ జిల్లా కదా. పాత సినిమా అంటే మద్రాసు స్టూడియోలు, గోదావరి ఒడ్డు, గుడివాడ, తెనాలి. అంతే అనుకునేదాన్ని. మన మానేరు వైపు నుంచి ఎవరు పోయి ఉంటారులే అనుకునేదాన్ని. పోయారండీ! పోవడమేమిటి, దేశమంతా తిరిగి చూసేంత ఎత్తుకు పోయారు!

ముందు జైరాజ్ గారి సంగతి వినండి.

పైడి జైరాజ్! 1909లో కరీంనగర్‌లో పుట్టారు. సినిమాకు ఇంకా మాట రాని రోజుల్లో, మూకీల కాలంలో, ఇరవై ఏళ్ల కుర్రాడిగా బొంబాయి చేరి 1929లో తెర మీద కనిపించారు. 1929! తెలుగు సినిమాకు ఇంకా గొంతు రాలేదు. అప్పటికే మన కరీంనగర్ మనిషి కెమెరా ముందు నిలబడి ఉన్నారు!

అక్కడితో ఆగారా? మూకీలు పోయి టాకీలు వచ్చాయి, ఆయన నిలిచారు. కథలు మారాయి, ఫ్యాషన్లు మారాయి, కొత్త హీరోలు వచ్చారు, ఆయన నిలిచారు. టిప్పు సుల్తాన్ ఆయనే! అమర్‌సింగ్ రాథోడ్ ఆయనే! పృథ్వీరాజ్ చౌహాన్ ఆయనే! తలపాగా చుట్టి, కత్తి పట్టి, గుర్రం ఎక్కే వీరుడి పాత్ర ఉందంటే బొంబాయి వాళ్లు జైరాజ్ వైపు చూసేవాళ్లు. దర్శకత్వం చేశారు, సినిమాలు తీశారు. హాలీవుడ్ వాళ్లు మన దేశం నేపథ్యంగా తీసిన 'నైన్ అవర్స్ టు రామా' లోనూ, 'మాయా' లోనూ నటించారు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నారు. ఫాల్కే అండీ, దేశంలో సినిమావాళ్లకు ఇచ్చే అతి పెద్ద గౌరవం!

ఈ సంగతి చదివి ఆగలేక మా బాపుకు చెప్పాను. "బాపూ, జైరాజ్ మన కరీంనగరాయననట!" ఆయన పేపరు పక్కన పెట్టి, "గట్లనా! గీ ముచ్చట మాకెవ్వరు చెప్పలేదు గదా" అన్నారు. ఎవరూ చెప్పకపోతే ఎట్లా తెలుస్తుంది? హైదరాబాద్ రవీంద్రభారతిలో ప్రివ్యూ థియేటర్‌కు ఆయన పేరే పెట్టారు. ఈసారి అటువైపు పోతే ఆ బోర్డు ముందు నిలబడి తనివితీరా చదవండి!

జైరాజ్ దారి పట్టుకుని ఇంకాస్త వెనక్కి పోతే మరో ఆశ్చర్యం. జైరాజ్ బొంబాయి రైలెక్కక ముందే మన నిజాం రాజ్యంలో సినిమాలు తీశారు! బెంగాల్ నుంచి వచ్చిన ధీరేన్ గంగూలీ 1922లో హైదరాబాద్‌లో లోటస్ ఫిలిం కంపెనీ పెట్టారు. మూకీ మీద మూకీ తీశారు. 1924లో 'రజియా బేగం' ప్రదర్శించేసరికి నిజాం ప్రభువుకు కోపం వచ్చింది, గంగూలీ హైదరాబాద్ విడిచిపోవాల్సి వచ్చింది. ఒక్క సినిమాతో ఒక కంపెనీ కథ ముగిసింది! ఆ గంగూలీ గారికీ తర్వాత 1975 సంవత్సరానికి ఫాల్కే అవార్డు వచ్చింది. ఇవన్నీ మన నేల మీద జరిగాయి! మన తాతల తండ్రులు బతికిన రాజ్యంలో జరిగాయి!

ఇప్పుడు సిరిసిల్లకు వద్దాం. ఇక్కడే నా గుండె ఒక్క గంతు వేసింది!

సి. నారాయణరెడ్డి గారు మనవారని అందరికీ తెలుసు. వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో 1931లో పుట్టారని, 'విశ్వంభర' కావ్యంతో 1988 సంవత్సరానికి జ్ఞానపీఠం తెచ్చారని బడిలో చదువుకున్నాం. కానీ ఆయన తన సినిమా పాటల వెనుక కథలు తానే చెబుతూ 'పాటలో ఏముంది నా మాటలో ఏముంది' అని పుస్తకం రాశారని మీకు తెలుసా? నాకు తెలియదు! రెండు సంపుటాలు! ఆ సన్నివేశం ఏమిటి, సంగీత దర్శకుడు ఏ బాణీ ఇచ్చాడు, ఆ బాణీలో మాట ఎట్లా ఒదిగింది, ఎవరు పాడారు... పాటను మన ముందు విప్పి మళ్లీ అల్లి చూపిస్తారు!

అసలు ఆయన ప్రయాణమే ఒక సినిమా కదా! సిరిసిల్లలో చదువు, కరీంనగర్‌లో హైస్కూలు, అంతా ఉర్దూ మాధ్యమం. ఊళ్లో మాత్రం హరికథలు, జంగం కథలు, జానపదాలు చెవినిండా. హైదరాబాద్ పోయాక శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో కూర్చుని తెలుగు సాహిత్యం చదవడం మొదలుపెట్టారు. పగలు ఉర్దూలో పాఠాలు విన్న పిల్లవాడు తెలుగు పాటకు కొత్త నడక నేర్పాడంటే, ఆ రెండు భాషలూ ఆయన లోపల ఎంతగా కలిసిపోయి ఉండాలి!

1962లో వచ్చిన 'గులేబకావళి కథ' ఆయన మొదటి సినిమా. ఎన్టీఆర్ సొంత సంస్థ చిత్రం. మామూలుగా కొత్త కవికి ఒక పాట ఇచ్చి చూస్తారు కదా? ఇక్కడ అన్ని పాటలూ ఆయనవే! మొదటి సినిమాకే! ఆ తర్వాత 3,000కు పైగా పాటలు. విశ్వనాథ సత్యనారాయణ నవల సినిమాగా వచ్చిన 'ఏకవీర'కు సంభాషణలు కూడా ఆయనే రాశారు.

ఇవన్నీ చదివాక ఆ పాత పాటలు మళ్లీ విన్నాను. విన్న పాటలే! వేసవి రాత్రుళ్లు రేడియోలో, పెళ్లి పందిళ్లలో, బీడీలు చుట్టే వాకిళ్లలో ఎన్నోసార్లు చెవిన పడ్డ పాటలే! కానీ ఈసారి ప్రతి మాటా విడివిడిగా వినిపించింది. ఎక్కడ ఉర్దూ గజల్ హొయలు తొంగిచూస్తుందో, ఎక్కడ ఊరి జానపదం గజ్జె కడుతుందో తెలిసిపోతూ ఉంటే ఒళ్లంతా పులకరింత! సిరిసిల్ల సందుల్లో నడిచిన మనిషి, మద్రాసు రికార్డింగ్ థియేటర్‌లో కూర్చుని, మన చెవులకు ఈ తీయదనం పంపాడు!

ఒక పుస్తకం చదివితే ఆగుతుందా? ఆగదు! ఒకదాని మీద ఒకటి, బతుకమ్మ పేర్చినట్టు, రంగు మీద రంగు పేరుకుంటూనే పోతుంది!

రెంటాల జయదేవ గారి 'ఫస్ట్ రీల్' సంగతి చెప్పనివ్వండి. దక్షిణాది సినిమా తొలి అడుగుల గురించిన పుస్తకం. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' ఎప్పుడు వచ్చింది? 1931 సెప్టెంబరు 15 అని దశాబ్దాల పాటు అందరూ రాశారు, అందరూ నమ్మారు, ఆ రోజునే పండుగ చేశారు. జయదేవ గారు నమ్మి ఊరుకోలేదు! పాత పత్రికలు, ప్రకటనలు, సెన్సారు వివరాలు గాలించారు. సెన్సారు జరిగింది 1932 జనవరి 22న. విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న, బొంబాయి కృష్ణా సినిమాలో! డిటెక్టివ్ నవలలో కూడా ఇంత ఉత్కంఠ ఉండదు! ఒక్క తేదీ కోసం ఒక మనిషి అంత వెతకడం, వెతికి పట్టుకోవడం, పుట్టినరోజు మారిపోవడం! చరిత్ర అంటే ఎప్పుడో గట్టిపడిపోయిన రాయి కాదని, ఇవాళ కూడా ఎవరో కూర్చుని సరిచేస్తూ ఉంటారని నాకు ఆ క్షణంలో అర్థమైంది!

ఇంకో సంగతి గమనించారా? మొదటి తెలుగు మాటల సినిమా విడుదలైంది బొంబాయిలో! మన సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల వాళ్లు, కూలి పనుల వాళ్లు బతుకుదెరువుకు పోయిన బొంబాయి! తెలుగు కామాఠీల పేరు మీదే ఒక పేటకు కామాఠీపుర అని పేరు వచ్చిన బొంబాయి! ఆ హాల్లో, ఆ చీకట్లో, పొద్దంతా మిల్లులో పనిచేసి వచ్చిన మనవాళ్లు కూర్చుని, తెర మీది బొమ్మ తమ భాషలో మాట్లాడగానే ఒక్కసారి ఉలిక్కిపడి ఉంటారని ఊహించుకుంటుంటే నాకు కూర్చోబుద్ధి కావడం లేదు!

అదే సినిమాలో ఒక చిన్న పాత్ర వేసిన కుర్రాడి పేరు ఎల్.వి. ప్రసాద్. హిందీలో మొదటి టాకీ 'ఆలం ఆరా'లో ఉన్నారు. తమిళంలో మొదటి టాకీ 'కాళిదాస్'లో ఉన్నారు. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'లో ఉన్నారు. మూడు భాషల మొదటి మాటల సినిమాల్లో ఒకే మనిషి! అబ్బ, చదివి పుస్తకం మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ చదివాను!

ఆ ఎల్.వి. ప్రసాద్ గారే 1955లో 'మిస్సమ్మ' తీశారు. మిస్సమ్మ అంటే సావిత్రి, ఇంకొకరిని ఊహించగలమా? అయితే మొదట ఆ పాత్ర భానుమతి గారిది! కొన్ని రీళ్లు తీశారు కూడా. నిర్మాత చక్రపాణి గారికీ ఆమెకూ మాట పట్టింపు వచ్చింది. ఇద్దరూ తగ్గే రకం కాదు! దాంతో రెండో కథానాయికగా ఉన్న సావిత్రి మిస్సమ్మ అయింది, సావిత్రి పాత్రలోకి జమున వచ్చింది. ఒక్క పట్టింపు, ముగ్గురు తారల జాతకం! ఇది తెలిశాక 'మిస్సమ్మ' మళ్లీ చూడండి. సావిత్రి ముఖం చిట్లించిన ప్రతిసారీ, కళ్లు ఎర్రజేసిన ప్రతిసారీ, 'ఇక్కడ భానుమతి ఉంటే ఎట్లా చేసేదో!' అని ఇంకో సినిమా మనసులో ఆడుతుంది. ఒక టిక్కెట్టుకు రెండు సినిమాలు!

భానుమతి గారు 'నాలో నేను' అని ఆత్మకథ రాసుకున్నారు. ఆమె నటి మాత్రమే అనుకునేదాన్ని. ఆమె పాడతారు, కథలు రాస్తారు, స్టూడియో నడుపుతారు, 1953లోనే 'చండీరాణి'ని మూడు భాషల్లో దర్శకత్వం చేస్తారు! సావిత్రి గారు మాత్రం తక్కువా? 1968లో 'చిన్నారి పాపలు' దర్శకత్వం చేశారు, పనిచేసిన బృందంలో ఎక్కువమంది ఆడవాళ్లే! ఆ రోజుల్లో! నేను పుట్టకముందే ఇవన్నీ జరిగిపోయాయి, నాకేమో ఇప్పుడు తెలిసింది!

గుమ్మడి గారి 'తీపి గుర్తులు చేదు జ్ఞాపకాలు' తెరవగానే ఇంకో వింత. తెర మీద ఎన్టీఆర్‌కూ ఏఎన్నార్‌కూ పెద్దదిక్కుగా, తండ్రిగా నిలబడ్డ గుమ్మడి వయసులో వాళ్లిద్దరికన్నా చిన్నవాడు! ఎన్టీఆర్ పుట్టింది 1923లో, అక్కినేని 1924లో, గుమ్మడి 1927లో. 'మహామంత్రి తిమ్మరుసు'లో ఎన్టీఆర్ రాయలవారైతే ఆ ముసలి అప్పాజీ గుమ్మడి! నాలుగేళ్లు పెద్దవాడికి పితృసమానుడిగా నిలబడి, మనల్ని నమ్మించి, ఏడిపించి పంపారు. ఆ నడుము వంపు, ఆ గొంతు తడి అంతా నటన!

మన తెలంగాణ కత్తివీరుడు కాంతారావు గారు ఉన్నారుగా! కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టి, విఠలాచార్య జానపదాల్లో ఇంటింటి రాకుమారుడై, 'లవకుశ'లో లక్ష్మణుడై మెరిసిన కాంతారావు. ఆయన ఆత్మకథ పేరు 'అనగనగా ఒక రాకుమారుడు'. పేరు చూడగానే చేతిలోకి తీసుకోకుండా ఉండగలమా!

'కోతికొమ్మచ్చి' చదవడం మొదలుపెట్టే ముందు మాత్రం ఇంట్లో పనులన్నీ ముగించుకోండి. ముళ్లపూడి వెంకటరమణ గారు మూడు పుస్తకాల నిండా కొమ్మ మీంచి కొమ్మ మీదికి దూకుతూ జీవితం చెబుతుంటే అన్నం చల్లారిపోతుంది! 1967లో దర్శకుడు బాపు, రమణలు 'సాక్షి' కోసం గోదావరి పక్క పులిదిండి అనే పల్లెకు పోయి, మేకప్ లేకుండా హీరో హీరోయిన్లను నిలబెట్టి సినిమా తీశారు. వాళ్లకు అంత ధైర్యం ఎక్కడిదో చదువుతుంటే తెలుస్తుంది.

వీటిలో ఏది ముందు చదవాలో తోచకపోతే ఎస్.వి. రామారావు గారి 'నాటి 101 చిత్రాలు' పట్టుకోండి. ఒక్కో సినిమా ఒక్కో అధ్యాయం. ఎక్కడ తెరిచినా ఒక కథ మొదలవుతుంది. రావి కొండలరావు గారి 'బ్లాక్ అండ్ వైట్' ఉంది. తెర ముందూ వెనుకా ఉండి, 1966లో మొదలైన 'విజయచిత్ర' పత్రికను నడిపిన మనిషి. ఎన్ని చూసి ఉంటారు, ఎంత విని ఉంటారు!

ఇంతకూ వీటి వల్ల ఏమవుతుంది అంటారా? చూపు మారిపోతుంది!

'మాయాబజార్' తీసుకోండి. 1957 సినిమా. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చూశానో. లడ్డూలు ఎగిరి ఎస్.వి. రంగారావు నోట్లో పడుతుంటే చప్పట్లు కొట్టడమే తెలుసు. ఇప్పుడు చూస్తుంటే వెన్నెల కనిపించింది! ఆ వెన్నెలలో పడవ, ఆ నీటి మీది మెరుపు... అది మార్కస్ బార్ట్‌లీ అనే ఛాయాగ్రాహకుడు దీపాలతో పుట్టించిన వెన్నెల! పాటల్లో నాలుగింటి బాణీలు సాలూరి రాజేశ్వరరావు గారివి, ఆయన తప్పుకున్నాక మిగతా సంగీతమంతా ఘంటసాల గారు పూర్తిచేశారు. ఇద్దరు మహానుభావుల చేతులు ఒకే సినిమాలో! ఏ పాటలో ఎవరు పలుకుతున్నారో చెవులు రిక్కించి వింటున్నాను. దర్శకుడు కె.వి. రెడ్డి గారు స్టాప్‌వాచ్ పట్టుకుని సన్నివేశం నిడివి ముందే కొలిచి పెట్టుకునేవారట. అందుకే ఒక్క క్షణం కూడా వృథాగా అనిపించదు! హాయిగా నవ్వుకునే ఆ మూడు గంటల వెనుక ఎంత లెక్క, ఎంత శ్రద్ధ, ఎంత పట్టుదల!

అందుకే గట్టిగా చెబుతున్నాను, మీరూ చూడండి! ముందు పుస్తకం చదవండి, వెంటనే ఆ సినిమా చూడండి. పాత సినిమాలు చాలావరకు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. జగిత్యాలలో, సిరిసిల్లలో గ్రంథాలయానికి పోయి ఈ పేర్లు అడగండి. లేకపోతే తెప్పించమని అడగండి, అడిగితేనే కదా పుస్తకం వస్తుంది! హైదరాబాద్ పోతే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పల్లో చేతులు పెట్టి వెతకండి. ఆ దుమ్ము, ఆ వాసన, కుప్ప అడుగున సావిత్రి ముఖం ఉన్న అట్ట బయటపడ్డప్పటి ఆ సంబరం! ఏటా జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు సంచి ఖాళీగా పట్టుకుని పోండి.

ఒక మాట చెప్పి ముగిస్తాను, ఇది మనకే సంబంధించిన మాట. ఇన్ని పుస్తకాలున్నా, సినిమాలు తీసినవాళ్ల కథే ఎక్కువ. చూసినవాళ్ల కథ? కోరుట్లలో, మెట్‌పల్లిలో, ధర్మపురిలో డేరా టాకీసు వస్తే బండ్లు కట్టుకుని పోయిన మన అవ్వలు, తాతలు ఉన్నారు. నేల టిక్కెట్టు కొని, మట్టి మీద కూర్చుని, కాంతారావు కత్తి తీయగానే ఈలలు వేసినవాళ్లు ఉన్నారు. హాలు బయట పాటల పుస్తకం కొని, అర్ధరాత్రి ఇంటికి నడుస్తూ ఆ పాటలన్నీ కూనిరాగం తీసినవాళ్లు ఉన్నారు. ఎనభై దాటిన ప్రతి ఇంటి పెద్ద దగ్గరా ఒక అచ్చుకాని అధ్యాయం ఉంది! ఇవాళ సాయంత్రమే వాళ్ల పక్కన కూర్చుని, "అవ్వా, నువ్వు మొదట చూసిన సినిమా ఏంది?" అని అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి, నోట్‌బుక్కులో రాయండి, ఊరు పేరు, హాలు పేరు, టిక్కెట్టు ధర అన్నీ రాయండి! జయదేవ గారు పాత కాగితాల్లోంచి ఒక తేదీని పట్టుకొచ్చినట్టే, రేపు ఎవరో ఒకరు మీ నోట్‌బుక్కులోంచి మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల సినిమా చరిత్రను పట్టుకొస్తారు. ఆ పుస్తకం నేను చదవాలి! మీరు రాయండి!